కారు ఆంప్లిఫయర్ ఛానళ్ల లెక్క: స్పీకర్లకు, సబ్ ఊఫర్‌కు తప్పులేని వైరింగ్

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పాఠకులు కొన్నాళ్లుగా ఒకే ప్రశ్నను రకరకాలుగా అడుగుతున్నారు: "నాలుగు ఛానళ్ల ఆంప్లిఫయర్ కొన్నాను, డోర్లలో నాలుగు స్పీకర్లు ఉన్నాయి, డిక్కీలో ఒక సబ్ ఊఫర్ (బేస్ కోసం పెద్ద స్పీకర్) పెట్టాలి. ఏ వైరు ఎక్కడ కలపాలి?" ఒక్క బొమ్మ గీసి చూపిస్తే సరిపోయే ప్రశ్న కాదిది. మీ ఆంప్‌లో ఎన్ని ఛానళ్లు ఉన్నాయి, ఒక్కో ఛానల్ కనీసం ఎన్ని ఓమ్‌ల (కరెంటుకు ఎదురయ్యే అడ్డుకు కొలత) దాకా ఓర్చుకుంటుంది, మీ స్పీకర్లు ఎన్ని ఓమ్‌లవి అన్న మూడు విషయాలు తెలిస్తే బొమ్మను మీరే గీసుకోగలరు. అందుకే ఈ మార్గదర్శిలో సగభాగం వైరు ముట్టుకోకముందు కాగితం మీద చేయాల్సిన పనికే కేటాయించాను.

1. ఛానల్ అంటే ఏమిటో ముందుగా తేల్చుకోవాలి

ఛానల్ అంటే ఆంప్లిఫయర్ పెట్టె లోపల ఉన్న ఒక విడి ఆంప్లిఫయర్. దానికి సొంతంగా ఒక ప్లస్ టెర్మినల్, ఒక మైనస్ టెర్మినల్ ఉంటాయి. నాలుగు ఛానళ్ల ఆంప్ అంటే ఒకే పెట్టెలో, ఒకే పవర్ సప్లయ్ మీద పనిచేసే నాలుగు ఆంప్లిఫయర్లు అని అర్థం. కాబట్టి ఒక ఛానల్ మైనస్‌ను పక్క ఛానల్ మైనస్‌తో కలపకూడదు, ఏ స్పీకర్ మైనస్‌నూ కారు బాడీకి ఎర్త్ చేయకూడదు. పాతకాలపు క్యాసెట్ స్టీరియోలు కొన్నింటిలో స్పీకర్ మైనస్‌లను బాడీకి కలిపే పద్ధతి ఉండేది. ఆ అలవాటుతో ఇప్పటి ఆంప్‌కు వైరింగ్ చేస్తే ఛానల్ కాలిపోతుంది.

బజారులో దొరికే రకాలు ఇవి:

- మోనో ఆంప్: ఒకే ఛానల్ ఉంటుంది, సబ్ ఊఫర్ కోసమే తయారైనది. చాలావరకు 2 ఓమ్‌ల దాకా, కొన్ని 1 ఓమ్ దాకా ఓర్చుకుంటాయి.
- రెండు ఛానళ్ల ఆంప్: రెండు స్పీకర్లకు గానీ, బ్రిడ్జ్ చేసి (రెండు ఛానళ్లను ఒకటిగా కలిపి) ఒక సబ్ ఊఫర్‌కు గానీ వాడవచ్చు.
- నాలుగు ఛానళ్ల ఆంప్: నాలుగు స్పీకర్లకు, లేదా రెండు స్పీకర్లతో పాటు ఒక సబ్ ఊఫర్‌కు వాడవచ్చు.
- ఐదు ఛానళ్ల ఆంప్: నాలుగు స్పీకర్ ఛానళ్లతో పాటు సబ్ ఊఫర్ కోసం ఒక పెద్ద ఛానల్ విడిగా ఉంటుంది.

మోనో ఆంప్ విషయంలో చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. కొన్ని మోనో ఆంప్‌లకు రెండు ప్లస్, రెండు మైనస్ స్క్రూలు ఉంటాయి. వాటిని చూసి రెండు ఛానళ్లు ఉన్నాయని అనుకోకూడదు. ఆ రెండు జతలూ లోపల కలిసే ఉంటాయి, రెండు సబ్ ఊఫర్ల వైర్లు బిగించడానికి వీలుగా మాత్రమే అలా ఇస్తారు. ఒక్కో జతకు ఒక్కో 2 ఓమ్‌ల సబ్ ఊఫర్ కలిపితే ఆంప్‌కు కనిపించేది 2 ఓమ్‌లు కాదు, 1 ఓమ్.

2. కాగితం మీద రాసుకోవాల్సిన అంకెలు

ఆంప్ మాన్యువల్, స్పీకర్ల వెనుక ఉన్న స్టిక్కరు చూసి కింది వివరాలు రాసుకోండి:

- ఆంప్‌లో ఒక్కో ఛానల్‌కు 4 ఓమ్‌ల వద్ద ఎన్ని ఆర్‌ఎంఎస్ వాట్లు (నిలకడగా ఇచ్చే బలం), 2 ఓమ్‌ల వద్ద ఎన్ని
- విడి ఛానల్‌కు కనీస ఓమ్ ఎంత, బ్రిడ్జ్ చేసినప్పుడు కనీస ఓమ్ ఎంత
- ఆంప్ మీద ఉన్న ఫ్యూజుల మొత్తం ఆంపియర్లు
- ఒక్కో స్పీకర్‌కు ఓమ్‌లు, ఆర్‌ఎంఎస్ వాట్లు
- సబ్ ఊఫర్‌కు కాయిల్ (కోనును కదిలించే తీగచుట్ట) ఒకటా రెండా, ఒక్కో కాయిల్ ఎన్ని ఓమ్‌లది

డబ్బా మీద పెద్ద అక్షరాలతో ముద్రించే 1000, 2000 వాట్లను పట్టించుకోకండి. అవి క్షణకాలపు గరిష్ఠ అంకెలు. లెక్కకు పనికొచ్చేది ఆర్‌ఎంఎస్ ఒక్కటే. ఆంప్ మీద సీఈఏ 2006 అనే ప్రమాణం పేరు ఉంటే, ఆ వాట్లను 14.4 వోల్టుల వద్ద, 4 ఓమ్‌ల మీద, 1 శాతానికి మించని వక్రీకరణతో కొలిచారని అర్థం. అలాంటి అంకెను నమ్మవచ్చు.

స్టిక్కరు చెరిగిపోయిన స్పీకరైతే, వైర్లు విప్పి మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి కొలవండి. మీటర్ చూపే అంకె అసలు అంకె కంటే కాస్త తక్కువగా ఉంటుంది. 4 ఓమ్‌ల స్పీకర్ సుమారు 3.2 నుంచి 3.8 వరకు చూపుతుంది, అది లోపం కాదు.

3. ఓమ్‌ల లెక్క

పెన్నా కాలువల కింద వరి పండించేవారికి ఈ లెక్క ఒక్కసారి చెబితే చాలు. ఓమ్ అంటే తూము చూపే అడ్డు. ఒకే కాలువకు పక్కపక్కన రెండు తూములు తీస్తే నీరు రెట్టింపు పోతుంది, అంటే మొత్తం అడ్డు సగమైంది. ఒకే పిల్ల కాలువలో ఒకదాని వెనుక ఒకటిగా రెండు తూములు పెడితే అడ్డు పెరిగి నీరు తగ్గుతుంది. మొదటిది ప్యారలల్, రెండవది సిరీస్. ఓమ్‌లు తగ్గేకొద్దీ ఆంప్ నుంచి ఎక్కువ కరెంటు లాగుతారు. ఆ కరెంటు ఆంప్ తట్టుకోగలిగిన హద్దు దాటితే ముందు వేడి, తర్వాత ప్రొటెక్ట్ లైటు (ఆంప్ తనను కాపాడుకోవడానికి ఆగినప్పుడు వెలిగేది), చివరికి కాలిపోవడం వరుసగా వస్తాయి. వాల్యూమ్ ఎక్కువ పెట్టడం వల్ల ఆంప్ కాలిందని చాలామంది అనుకుంటారు. నేను విప్పి చూసిన వాటిలో ఎక్కువ భాగం ఓమ్‌ల లెక్క తప్పడం వల్ల పోయినవే.

ఒకే రకం స్పీకర్లకు లెక్క ఇలా ఉంటుంది:

- ప్యారలల్: ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట కలపాలి. ఒక స్పీకర్ ఓమ్‌ను స్పీకర్ల సంఖ్యతో భాగించాలి. 4 ఓమ్‌లవి రెండు కలిపితే 2 ఓమ్‌లు.
- సిరీస్: మొదటిదాని మైనస్‌ను రెండవదాని ప్లస్‌కు కలిపి, మిగిలిన రెండు కొసలను ఆంప్‌కు ఇవ్వాలి. ఒక స్పీకర్ ఓమ్‌ను స్పీకర్ల సంఖ్యతో గుణించాలి. 4 ఓమ్‌లవి రెండు కలిపితే 8 ఓమ్‌లు.

సబ్ ఊఫర్‌కు రెండు కాయిళ్లు ఉంటే ఒక్కో కాయిల్‌ను ఒక్కో స్పీకర్‌గా లెక్కించాలి:

- 4 ఓమ్‌ల కాయిళ్లు రెండు ఉన్న ఒక సబ్ ఊఫర్: ప్యారలల్‌లో 2, సిరీస్‌లో 8
- 2 ఓమ్‌ల కాయిళ్లు రెండు ఉన్న ఒక సబ్ ఊఫర్: ప్యారలల్‌లో 1, సిరీస్‌లో 4
- 2 ఓమ్‌ల జంట కాయిళ్ల సబ్ ఊఫర్లు రెండు: ఒక్కోదానిలో కాయిళ్లను సిరీస్ చేసి, ఆ రెండింటినీ ప్యారలల్ చేస్తే 2
- 4 ఓమ్‌ల జంట కాయిళ్ల సబ్ ఊఫర్లు రెండు: అన్నీ ప్యారలల్ చేస్తే 1, ఒక్కోదాన్ని సిరీస్ చేసి తర్వాత ప్యారలల్ చేస్తే 4

పై లెక్క సబ్ ఊఫర్ కొనేటప్పుడే పనికొస్తుంది. మీ మోనో ఆంప్ 2 ఓమ్‌ల వద్ద పూర్తి బలం ఇచ్చేదైతే 4 ఓమ్‌ల జంట కాయిళ్లది కొనాలి. నాలుగు ఛానళ్ల ఆంప్‌ను బ్రిడ్జ్ చేసి వాడబోతున్నట్లయితే 4 ఓమ్‌ల ఒంటి కాయిల్‌ది గానీ, 2 ఓమ్‌ల జంట కాయిళ్లది గానీ కొనాలి. కొన్న తర్వాత కాయిల్‌ను మార్చుకునే దారి లేదు.

రెండు కాయిళ్లున్న సబ్ ఊఫర్‌లో ఒక కాయిల్‌నే కలిపి రెండోదాన్ని వదిలేయకూడదు. వేర్వేరు ఓమ్‌ల సబ్ ఊఫర్లను ఒకే ఛానల్‌కు కలపకూడదు, ఎందుకంటే బలం వాటి మధ్య సమానంగా పంచుకోబడదు.

కారుతో వచ్చిన స్టీరియోకు కూడా లోపల నాలుగు ఛానళ్లు ఉంటాయి, ఒక్కోటి సుమారు 20 ఆర్‌ఎంఎస్ వాట్లు ఇస్తుంది. సాధారణంగా అవి 4 ఓమ్‌ల కంటే తక్కువను ఓర్చుకోవు. డోర్ స్పీకర్ వైరుకే వెనుక పళ్లెం మీది ఓవల్ స్పీకర్‌ను కలిపేస్తే ఆ ఛానల్‌కు 2 ఓమ్‌లు కనిపించి స్టీరియో వేడెక్కి ఆగిపోతుంది. ఇక ట్వీటర్‌ను (సన్నని శబ్దాల చిన్న స్పీకర్‌ను) బేస్‌ను ఆపే కెపాసిటర్ గానీ క్రాసోవర్ గానీ లేకుండా నేరుగా ఊఫర్ వైరుకు కలిపితే ఓమ్ తగ్గడం అటుంచి, కొద్దిసేపటికే ట్వీటర్ కాలిపోతుంది.

4. బ్రిడ్జింగ్: రెండు ఛానళ్లను ఒకటి చేయడం

బ్రిడ్జింగ్ అంటే ఒక ఛానల్ ప్లస్‌ను, దాని జత ఛానల్ మైనస్‌ను తీసుకుని ఒకే సబ్ ఊఫర్‌కు ఇవ్వడం. అప్పుడు రెండు ఛానళ్లూ ఆ బరువును చెరి సగం మోస్తాయి. చాలామంది వినిపించుకోని సంగతి ఇక్కడే ఉంది: బ్రిడ్జ్ చేసినప్పుడు ఒక్కో ఛానల్‌కు కనిపించేది సబ్ ఊఫర్ ఓమ్‌లలో సగమే. 4 ఓమ్‌ల సబ్ ఊఫర్‌ను బ్రిడ్జ్ చేస్తే ఒక్కో ఛానల్ 2 ఓమ్‌ల బరువు మోస్తోంది. 2 ఓమ్‌ల సబ్ ఊఫర్‌ను బ్రిడ్జ్ చేస్తే ఒక్కోటి 1 ఓమ్ మోయాలి, అంత బలం సాధారణ నాలుగు ఛానళ్ల ఆంప్‌కు ఉండదు. అందుకే విడిగా 2 ఓమ్‌లు ఓర్చుకునే ఆంప్‌కు బ్రిడ్జ్‌లో కనీసం 4 ఓమ్‌లు అని మాన్యువల్‌లో రాస్తారు.

ఉదాహరణకు 4 ఓమ్‌ల వద్ద ఒక్కో ఛానల్‌కు 75, 2 ఓమ్‌ల వద్ద 100 వాట్లు ఇచ్చే ఆంప్ తీసుకుందాం. బ్రిడ్జ్‌లో 4 ఓమ్‌ల వద్ద అది 200 వాట్లు ఇస్తుంది. రెండు ఛానళ్ల 2 ఓమ్‌ల అంకెలను కలిపితే వచ్చేది అదే. మాన్యువల్‌లోని బ్రిడ్జ్ అంకె ఈ కూడికకు చాలా దూరంగా ఉంటే ఆ మాన్యువల్‌ను అనుమానించాల్సిందే.

మా బావగారి కారులో ఇదే పొరపాటు జరిగింది. 2 ఓమ్‌ల జంట కాయిళ్ల సబ్ ఊఫర్‌ను బిగించినవారు కాయిళ్లను ప్యారలల్ చేసి, దాన్ని బ్రిడ్జ్‌కు ఇచ్చారు. ఒక్కో ఛానల్‌కు అర ఓమ్ పడింది. ఊళ్లో తక్కువ వాల్యూమ్‌లో బాగానే మోగింది. నెల్లూరు నుంచి ఒంగోలుకు హైవే మీద వెళ్తుంటే కావలి దాటేసరికి ఆగిపోయింది. అదృష్టవశాత్తూ ప్రొటెక్ట్ సర్క్యూట్ సకాలంలో పనిచేసింది. కాయిళ్లను సిరీస్‌కు మార్చి 4 ఓమ్‌లు చేశాక అదే ఆంప్ ఈనాటికీ చక్కగా పనిచేస్తోంది.

బ్రిడ్జ్ చేసే ముందు చూడాల్సినవి:

- ఏ ప్లస్, ఏ మైనస్ తీసుకోవాలో ఆంప్ మీద గీతతో ముద్రించి ఉంటుంది. ఊహతో కలపకండి.
- నాలుగు ఛానళ్ల ఆంప్‌లో 1తో 2, 3తో 4 మాత్రమే జతలు. 2ను 3తో బ్రిడ్జ్ చేయడం కుదరదు.
- ఎడమ, కుడి ఇన్‌పుట్లు రెండింటికీ సిగ్నల్ అందాలి. ఒకదానికే అందితే చాలా ఆంప్‌లలో బలం పడిపోతుంది.
- స్టీరియో లోపలి ఛానళ్లను ఎట్టి పరిస్థితిలోనూ బ్రిడ్జ్ చేయకూడదు. అవి లోపలే బ్రిడ్జ్ అయి ఉంటాయి.

5. ఏ ఛానల్‌కు ఏది ఇవ్వాలి

నాలుగు స్పీకర్లు, ఒక సబ్ ఊఫర్, చేతిలో నాలుగు ఛానళ్ల ఆంప్ ఒక్కటే ఉన్నప్పుడు నా సలహా ఇది: 1, 2 ఛానళ్లను ముందు డోర్లకు ఇవ్వండి, 3, 4 బ్రిడ్జ్ చేసి సబ్ ఊఫర్‌కు ఇవ్వండి, వెనుక డోర్లను స్టీరియో సొంత బలం మీదే వదిలేయండి. వినేవారు ఎక్కువగా ముందు సీట్లలోనే కూర్చుంటారు, వెనుక స్పీకర్లకు 20 వాట్లు చాలు. ముందు, వెనుక డోర్లను ప్యారలల్ చేసి 1, 2 ఛానళ్లకే ఇచ్చే పద్ధతి కూడా ఉంది. విడిగా 2 ఓమ్‌లు ఓర్చుకునే ఆంప్‌కు అది కుదురుతుంది కానీ వేడి పెరుగుతుంది, ముందు వెనుకల మధ్య వాల్యూమ్ సర్దుబాటు పోతుంది. మన ఎండల్లో నేను దాన్ని చెప్పను.

డబ్బు అనుకూలిస్తే నాలుగు స్పీకర్లకు నాలుగు ఛానళ్ల ఆంప్, సబ్ ఊఫర్‌కు మోనో ఆంప్ విడిగా పెట్టడం అన్నిటికంటే మేలు. చోటు తక్కువైతే ఐదు ఛానళ్లది తీసుకోండి.

6. పవర్ వైరు, ఫ్యూజు, ఎర్త్

పై ఉదాహరణలో ముందు డోర్లకు 150, సబ్ ఊఫర్‌కు 200, మొత్తం 350 వాట్లు. క్లాస్ ఏబీ అనే రకం ఆంప్ సామర్థ్యం సుమారు 60 శాతం అనుకుంటే బ్యాటరీ నుంచి 583 వాట్లు కావాలి. దాన్ని 13.8 వోల్టులతో భాగిస్తే 42 ఆంపియర్లు. క్లాస్ డీ అనే రకం ఆంప్ 80 శాతం సామర్థ్యంతో అదే పనిని 32 ఆంపియర్లలో చేస్తుంది. పాటలు మోగేటప్పుడు సగటు వాడకం దీనికంటే బాగా తక్కువే అయినా, వైరును గరిష్ఠానికే లెక్కించాలి.

ఇంటి వైరింగ్‌కు వాడే 2.5 లేదా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు ఈ పనికి చాలదు. బానెట్ నుంచి డిక్కీ దాకా పోయే వైరుకు 4 గేజ్ రాగి, అంటే సుమారు 21 చదరపు మిల్లీమీటర్లది వాడండి. 8 గేజ్ సుమారు 8 చదరపు మిల్లీమీటర్లే ఉంటుంది, సీటు కింద పెట్టే చిన్న ఆంప్‌కు చాలు. చవకగా దొరికే కిట్లలో అల్యూమినియం మీద రాగి పూత వేసిన వైరు వస్తుంది. ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే అల్యూమినియం. దాన్నే వాడాల్సి వస్తే ఒక సైజు పెద్దది తీసుకోండి. డోర్ స్పీకర్లకు 16 గేజ్, సబ్ ఊఫర్‌కు 12 గేజ్ వైరు సరిపోతుంది.

ఫ్యూజును బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్లలోపే పెట్టాలి. ఆ ఫ్యూజు ఉన్నది ఆంప్‌ను కాపాడటానికి కాదు, కారును కాపాడటానికి. వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే ఫ్యూజు లేని కారు తగలబడుతుంది. ఆంప్ మీద 25 ఆంపియర్ల ఫ్యూజులు రెండుంటే ఇక్కడ 50 పెట్టండి. పోతోంది కదా అని పెద్దది వేయకండి, వెండి కాగితం చుట్టకండి.

ఎర్త్ వైరు పవర్ వైరంత లావుగా, అర మీటరు లోపు ఉండాలి. బాడీ ఇనుము మీద రంగు పూర్తిగా గీకి, లగ్గు (వైరు కొసకు వేసే లోహపు రింగు) వేసి బోల్టు బిగించాలి. సీటు బెల్టు బోల్టును అందుకు వాడకండి.

7. బిగించే క్రమం

1. ముందుగా బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పండి. పని పూర్తయ్యేదాకా మళ్లీ కలపకూడదు.
2. ఆంప్‌కు చోటు ఎంచుకోండి. చుట్టూ గాలి ఆడాలి. సబ్ ఊఫర్ పెట్టె అదురు తగిలేలా దాని మీదే స్క్రూ చేయకండి. సీఎన్‌జీ సిలిండర్ ఉన్న డిక్కీలో సిలిండర్ దరిదాపుల్లో ఆంప్ పెట్టకండి, డ్రిల్ చేయకండి. చాలా కార్లలో వెనుక సీటు కింద పెట్రోల్ ట్యాంకు ఉంటుంది, అక్కడ కింద ఏముందో చూడకుండా రంధ్రం వేయకండి.
3. పవర్ వైరును ఇంజను గది నుంచి లోపలికి రబ్బరు గ్రోమెట్ ద్వారానే తీసుకురండి. ఇనుము అంచు వైరును కోయకూడదు.
4. పవర్ వైరును కారుకు ఒక పక్కగా, ఆర్‌సీఏ వైర్లను (స్టీరియో నుంచి ఆంప్‌కు పాట సిగ్నల్ తెచ్చేవి), రిమోట్ వైరును (స్టీరియోతో పాటు ఆంప్‌ను లేపేది) రెండో పక్కగా లాగండి.
5. పసుపు రంగు తొడుగు లేదా పసుపు కప్లర్ ఉన్న వైర్ల జోలికి పోకండి. అవి ఎయిర్‌బ్యాగ్‌వి.
6. స్పీకర్ వైర్లు లాగి, రెండు కొసలకూ "ముందు ఎడమ", "ముందు కుడి" అని చీటీ అంటించండి.
7. ఎర్త్ బిగించండి. తర్వాత ఆంప్ వైపు పవర్ వైరు, రిమోట్, ఆర్‌సీఏ, చివరగా స్పీకర్ వైర్లు.
8. ఫ్యూజు తీసి ఉంచి, పవర్ వైరును బ్యాటరీ ప్లస్‌కు కలపండి.

8. సిగ్నల్ ఎక్కడి నుంచి తీసుకోవాలి

బయట కొన్న స్టీరియోకు వెనుక ఆర్‌సీఏ పిన్నులు ఉంటాయి. ముందు స్పీకర్లవి 1, 2కు, సబ్ ఊఫర్‌వి 3, 4కు ఇవ్వండి. సబ్ ఊఫర్ పిన్ను ఒక్కటే ఉంటే వై ఆకారపు వైరుతో రెంటికీ పంచండి. ఆంప్ మీద రెండు ఛానల్, నాలుగు ఛానల్ అనే ఇన్‌పుట్ స్విచ్ ఉంటే, రెండు జతలూ ఇచ్చినప్పుడు నాలుగు వైపు ఉంచాలి.

రిమోట్ అంటే స్టీరియో ఆన్ కాగానే ఆంప్‌ను లేపే సన్నని వైరు. బయట స్టీరియోలలో అది నీలం మీద తెల్ల చార ఉన్నది. అలాంటి స్టీరియోలలో ముందు ఎడమ తెలుపు, ముందు కుడి బూడిద, వెనుక ఎడమ ఆకుపచ్చ, వెనుక కుడి ఊదా రంగు వైర్లు. నల్ల చార ఉన్నది మైనస్. కంపెనీ స్టీరియోలకు ఈ రంగులు వర్తించవు.

కంపెనీ స్టీరియోకు ఆర్‌సీఏ లేకపోతే ఆంప్‌లోని హై లెవల్ ఇన్‌పుట్‌కు స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ ఇవ్వవచ్చు. కారు వైరింగ్‌ను కోయకుండా ఆ మోడల్‌కు దొరికే కప్లర్ కొని మధ్యలో పెట్టండి. కోసిన వైరింగ్ వారంటీకి అడ్డంకి అవుతుంది.

9. ప్లస్, మైనస్ తారుమారు కాకుండా

ఒక డోర్ స్పీకర్ వైర్లు తారుమారైతే రెండు స్పీకర్లూ మోగుతూనే ఉంటాయి కానీ బేస్ మాయమవుతుంది, పాట మధ్యలో నుంచి వస్తున్నట్లు అనిపించదు. ఆంప్ వైపు వైరు విప్పి, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లును క్షణం పాటు తాకించండి. సెల్లు ప్లస్ తగిలిన వైరు స్పీకర్ ప్లస్ అయితే కోను బయటికి వస్తుంది. లోపలికి పోతే వైరు తారుమారైంది. ట్వీటర్ మీద ఈ పరీక్ష చేయకండి.

10. తొలిసారి ఆన్ చేసే ముందు

- ప్రతి స్పీకర్ వైరుకూ బాడీకీ మధ్య మీటర్ కలుపు చూపకూడదు.
- ఆంప్ కొస వద్ద ప్రతి ఛానల్ ఓమ్‌ను కొలవండి. కాగితం మీది లెక్కకు కాస్త తక్కువ రావాలి. సగమే వస్తే ఆపి వెతకండి.
- స్క్రూ దగ్గర పోగు ఒక్కటి కూడా పక్క టెర్మినల్‌ను తాకకూడదు.
- గెయిన్లన్నీ (స్టీరియో సిగ్నల్‌కు ఆంప్‌ను సరిచేసే సర్దుబాట్లు) కనిష్ఠం వద్ద, బేస్ బూస్ట్ సున్నా వద్ద ఉండాలి.

తర్వాత బ్యాటరీ మైనస్ కలిపి, ఫ్యూజు వేసి, స్టీరియో ఆన్ చేయండి. పవర్ లైటు వెలగాలి. ఇంజను నడుస్తుండగా ఆంప్ టెర్మినళ్ల వద్ద 13.5 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటే వైరు, ఎర్త్ రెండూ బాగున్నట్లే.

11. ఫిల్టర్లు, గెయిన్

ఆరున్నర అంగుళాల డోర్ స్పీకర్లున్న ఛానళ్లకు హై పాస్ (ఆ అంకెకు పైవాటినే పోనిచ్చే ఫిల్టర్) 80 హెర్ట్జ్, సబ్ ఊఫర్ ఛానల్‌కు లో పాస్ (కిందివాటినే పోనిచ్చేది) 80 హెర్ట్జ్ పెట్టండి. రంధ్రం ఉన్న పెట్టె అయితే సబ్‌సోనిక్ ఫిల్టర్‌ను (మరీ లోతైన శబ్దాలను ఆపేది) 25 నుంచి 30 హెర్ట్జ్ మధ్య ఉంచండి.

గెయిన్ అనేది వాల్యూమ్ కాదు. స్టీరియో పంపే సిగ్నల్‌కు ఆంప్‌ను సరిజోడు చేసే సర్దుబాటు. దాన్ని చెవితో పెడితే ఎప్పుడూ ఎక్కువే పెడతాం. మీటర్‌తో ఇలా పెట్టాలి:

1. స్పీకర్ వైర్లను ఆంప్ నుంచి విప్పండి. కారును ఆరుబయట నిలిపి ఇంజను ఆన్ చేయండి. మూసిన షెడ్డులో వద్దు, పొగ ప్రాణాంతకం.
2. స్టీరియో ఈక్వలైజర్‌ను మామూలు స్థితిలో ఉంచి, వాల్యూమ్‌ను నూటికి 75 వంతుల వద్ద పెట్టండి. 40 గరిష్ఠమైతే 30.
3. డోర్ ఛానళ్లకు 400 హెర్ట్జ్, సబ్ ఊఫర్‌కు 50 హెర్ట్జ్ టోన్ మోగించండి. చాలా చవక మీటర్లు 400 హెర్ట్జ్ దాటాక ఏసీ వోల్టులను సరిగా చూపవు. సబ్ ఊఫర్ ఛానల్ కొలిచేంతసేపు లో పాస్‌ను గరిష్ఠానికి తిప్పి ఉంచండి.
4. కావలసిన వోల్టు లెక్కించండి: వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయాలి. 4 ఓమ్‌ల మీద 75 వాట్లకు 17.3, 50 వాట్లకు 14.1, 200 వాట్లకు 28.3 వోల్టులు.
5. మీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి, ఆ అంకె వచ్చేదాకా గెయిన్‌ను మెల్లగా పెంచండి.
6. స్టీరియో ఆపి, లో పాస్‌ను తిరిగి 80కి తెచ్చి, స్పీకర్ వైర్లు బిగించండి.

ఆంప్ వాట్లు, స్పీకర్ వాట్లు వేర్వేరుగా ఉంటే చిన్న అంకెనే లెక్కకు తీసుకోండి. ఆ తర్వాత స్టీరియో వాల్యూమ్‌ను ఆ 75 వంతులు దాటించకూడదు. ఇంట్లో పిల్లలు కారు తీసేవారైతే ఈ మాట వాళ్లకు తప్పక చెప్పి ఉంచండి.

12. తరచూ వచ్చే లోపాలు, సవరణలు

ప్రొటెక్ట్ లైటు వెలిగితే: స్పీకర్ వైర్లన్నీ విప్పి ఆన్ చేయండి. అప్పటికీ వెలిగితే లోపం ఎర్త్, వోల్టేజి లేదా ఆంప్‌లో ఉంది. ఆరిపోతే ఒక్కో ఛానల్‌ను కలుపుతూ పోండి, వెలిగిన ఛానల్‌లోనే ఓమ్ తక్కువైంది లేదా వైరు బాడీకి తగిలింది.

ఇంజను రేజ్ చేసినప్పుడు కూత వస్తే: ఎర్త్ వద్ద రంగు మళ్లీ గీకి బిగించండి. తగ్గకపోతే ఆంప్ నుంచి ఆర్‌సీఏ తీసి చూడండి. కూత పోతే అది ఆర్‌సీఏ వైరు లేదా స్టీరియో వైపు నుంచి వస్తోంది.

సబ్ ఊఫర్ ఉన్నా బేస్ పలుచగా ఉంటే: దాని రెండు వైర్లను ఆంప్ దగ్గర తారుమారు చేసి, డ్రైవర్ సీటులో కూర్చుని అదే పాట వినండి. ఏది నిండుగా ఉంటే అదే ఉంచండి.

బేస్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారితే: బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ శుభ్రం చేయండి. చిన్న పెట్రోల్ కార్లలో 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ సర్వసాధారణం, దాని వయసు కూడా చూడండి. కెపాసిటర్ కొనడం దీనికి మందు కాదు.

13. మన ఎండకు, ఉప్పుగాలికి, వానకు

మే నెలలో నెల్లూరులో ఎండలో నిలిపిన కారు డిక్కీ పొయ్యిలా కాగుతుంది. ఎక్కగానే పూర్తి వాల్యూమ్ పెట్టకుండా అద్దాలు దించి, ఏసీ వేసి, పది నిమిషాలు ఆగండి. ఆంప్ మీద రెగ్జిన్, దుప్పటి, సామాను కప్పకండి.

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో, రొయ్యల చెరువుల మధ్య తిరిగే కార్లలో రాగి పోగులు కొద్ది నెలల్లోనే పచ్చబడతాయి. తగరం పూసిన లగ్గులు వాడి, పైన హీట్ ష్రింక్ గొట్టం వేసి, బ్యాటరీ టెర్మినళ్లకు వాజలైన్ పూయండి. ఉత్త ఇన్సులేషన్ టేపు వేడికి జిగురు కారి ఊడిపోతుంది. చీమకుర్తి గ్రానైట్ దుమ్ములో తిరిగే బండ్లకు ఆంప్ రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును మెత్తటి బ్రష్షుతో తీస్తూ ఉండాలి.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. ఆ నెలల్లో కార్పెట్ తడిసే చోట, ముఖ్యంగా సీటు కింద ఆంప్ ఉన్నవారు దాన్ని రెండు అంగుళాల ఎత్తున చెక్క మీద బిగించుకోవాలి. నీళ్లు లోపలికి వచ్చాయని అనుమానం ఉంటే స్టీరియో ఆన్ చేయకముందే బ్యాటరీ దగ్గరి ఫ్యూజును తీసేయండి.

బిగించిన నెల తర్వాత ఒకసారి ఫ్యూజు తీసి, ప్రతి టెర్మినల్ స్క్రూను మళ్లీ బిగించండి. అదురుకు, వేడికి లావు వైరు పోగులు సర్దుకుని స్క్రూలు కచ్చితంగా కొద్దిగా వదులవుతాయి.